పిల్లా, కుక్కా, నడుమ ఒక టెంక

యాగంటి గుడి కోనేటి మెట్ల మీద కాసేపు కూర్చుంటే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. "ఏం చేయదులే, పెట్టు నాయనా!" ఈమధ్యే నడక నేర్చిన పిల్లవాడు, వాడి గుప్పిట్లో టెంకాయ ముక్క, వాడి మొహానికి సరిగ్గా ఎదురుగా ఒక కుక్క మొహం. రెండడుగుల దూరంలో నాయన ఫోన్ ఎత్తి పట్టుకుని ఉంటాడు. అమ్మ తడి జుట్టు విదిలించుకుంటూ ఉంటుంది. ఆ మాట అన్నది ఇద్దరిలో ఎవరో ఒకరు. నా ఆలోచన ఆ మాట దగ్గరే చిక్కుకుపోతుంది. ఆ కుక్క పొద్దున్నించి ఏమైనా తిన్నదో లేదో వీళ్ళకి తెలియదు. నిన్న దాన్ని ఎవరు రాయి పెట్టి కొట్టారో తెలియదు. చెవి వెనక పుండు ఉందేమో, పొదల చాటున పిల్లలు ఉన్నాయేమో తెలియదు. ఏదీ తెలియకుండా అంత భరోసా ఎట్లా ఇస్తారు? అది కూడా తమ ఒంటి మీద కాదు, బిడ్డ ఒంటి మీద. లోపల మండపంలో ఇదే కుటుంబం నంది ముందు ఎంత శ్రద్ధగా నిలబడిందో నేను చూశాను. ఒకప్పుడు బసవన్న చుట్టూ మనుషులు ప్రదక్షిణ చేసేవాళ్ళని, రాయి పెరిగి పెరిగి ఇప్పుడు స్తంభాలకీ విగ్రహానికీ మధ్య మనిషి పట్టడం లేదని అక్కడ ఒక పెద్దాయన చెబుతుంటే, నంది గంగడోలు దగ్గర్నుంచి గిట్టల దాకా కళ్ళార్పకుండా చూశారు. కలియుగం చివర ఆ బసవన్న లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారు చెప్పిన మాట తలుచుకుని చేతులు జోడించారు. అంత చూపు ఉన్నవాళ్ళే బయటికి రాగానే కుక్క తోక ఎట్లా బిగిసిందో చూడలేకపోయారు.

యాగంటిలో కాకి వాలదంటారు. అగస్త్యుడి తపస్సుకి కాకాసురుడు అడ్డుపడ్డాడని, ఆయన శాపంతో కాకులు ఈ కొండ కోనలోకి రావని, శనీశ్వరుడి వాహనం రాదు కాబట్టి శని కూడా ఇటు తొంగిచూడడని మా వైపు పిల్లలు కూడా చెబుతారు. కాకులు లేని చోట కింద పడ్డ ప్రసాదం ఎవరిది? కోతులది, కుక్కలది. కొండ మీదినుంచి కోతి దిగి పిల్ల చేతిలోది లాక్కుపోవడం ఒక్క క్షణం పని. అది కుక్కలకి బాగా తెలుసు. అందుకే ఇక్కడి కుక్క కొబ్బరి తినేటప్పుడు తల వంచుతుంది గాని కళ్ళు వంచదు. పైన గోడ మీద ఏం కదులుతోందో, పక్కన ఇంకో కుక్క ఎంత దగ్గరికి వచ్చిందో చూసుకుంటూనే నములుతుంది. తన నోటి ముందున్న ముక్కకి ఎవరో ఒకరు పోటీ వస్తారని ప్రతి పూటా నేర్చుకున్న జీవి అది. దాని ముందు కింద పడ్డ ముక్కని తిరిగి తీసుకుందామని చిట్టి చెయ్యి ముందుకు వచ్చినప్పుడు, ఆ చెయ్యి దాని కళ్ళకి ఎవరి చెయ్యిగా కనిపిస్తుంది?

ఆళ్ళగడ్డ రోడ్డు పక్కన శిల్పులు కొట్టే కాలభైరవ విగ్రహాలని చూసినప్పుడల్లా నా కళ్ళు స్వామి కన్నా ఆయన పక్కనున్న కుక్క మీదికే పోతాయి. సంప్రదాయం ప్రకారం ఆ కుక్క మెడ ఎత్తి స్వామి చేతిలో వేలాడే తల వైపు, దాని నుంచి కారే నెత్తురు బొట్టు వైపు చూస్తూ ఉంటుంది. ఎదుట ఉన్నది సాక్షాత్తూ శివుడు. అయినా కుక్క చూపు ఆయన మొహం మీద లేదు, చేతిలో ఉన్నదాని మీద ఉంది. ఆ రూపాన్ని మొదట ఊహించినవాడు ఎవరో గాని కుక్కని దగ్గరగా చూసినవాడే. కోరుకున్న వస్తువు కళ్ళ ముందు ఉన్నప్పుడు కుక్కకి యజమాని, బిడ్డ, ప్రేమ, విశ్వాసం అన్నీ కొంచెం వెనక్కి జరుగుతాయి. అది దుర్మార్గం కాదు, ఆకలి తెలిసిన ప్రతి జంతువులో ఉన్నదే. మనం మాత్రం కుక్క విశ్వాసం గురించి ఎంత చెప్పుకున్నామంటే, దానికి కూడా 'ఇది నాది' అనే భావం ఉంటుందని ఒప్పుకోవడం మనకి కష్టంగా ఉంటుంది.

మా బనగానపల్లెలో ఈ సంగతి బాగా అర్థమయ్యే కాలం ఒకటుంది. ఎండలు ముదిరి, ఊరి పేరు మోసుకుని దేశమంతా తిరిగే మామిడిపండు మా ఇళ్ళలోకి గంపలతో వచ్చే కాలం. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లు రాశాయి గాని, మాకు గుర్తింపు వచ్చేది వాసనతోనే. సెలవులకి వచ్చిన పిల్లలు బేతంచర్ల బండలు పరిచిన చల్లటి నేల మీద గుండ్రంగా కూర్చుంటారు. అదే నేల మీద, అదే చల్లదనం కోసం, ఇంటి కుక్క కూడా కడుపు ఆనించి పడుకుంటుంది. పండు పిల్లలది. టెంక మాత్రం ఎవరిదో తేలని వస్తువు. పిల్ల చప్పరించి పక్కన పెడుతుంది. ఇంకా కొంచెం గుజ్జు ఉందని గుర్తొచ్చి మళ్ళీ చెయ్యి చాపుతుంది. ఈ రెంటి మధ్య కుక్క ముట్టె దాని మీదికి చేరి ఉంటుంది. అన్నం తింటుంటే వీపు నిమిరినా ఊరుకునే కుక్క, పిల్ల మీద పడి దొర్లినా కదలని కుక్క, ఆ టెంక దగ్గర మాత్రం ఒక్కసారిగా నమలడం ఆపేస్తుంది. ఆపి కదలకుండా ఉండిపోతుంది. చూడటం రానివాళ్ళకి అది నెమ్మదితనంలా కనిపిస్తుంది. నిజానికి ఆ నిశ్చలమే అన్నిటికన్నా గట్టి హెచ్చరిక.

మా అత్తగారు ఉన్న రోజుల్లో మామిడిపళ్ళు తినేటప్పుడు పక్కనే ఒక గంప ఉండేది. చప్పరించిన టెంక నేల మీద పడటానికి వీల్లేదు, నేరుగా గంపలోకి పోవాలి. గంప ఆమె మోకాలికి ఆనుకుని ఉండేది. కుక్కకి కాలో చెయ్యో అడ్డం పెట్టేది కాదు. "దానికి కనబడితే గదా, దానికి కావాలనిపించేది" అనేది. ఆ ఒక్క మాటలో ఎంత తెలివి ఉందో తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా అంతకన్నా ఎక్కువ దొరకలేదు. టెంక వల్ల ఇంకో ముప్పు కూడా ఉందని ఆమెకి తెలుసో లేదో. జారుడుగా, బల్లపరుపుగా ఉండే ఆ గింజ గొంతు దాటిపోతుంది గాని పేగుల్లో అడ్డం పడుతుంది. కుక్క తిన్నదల్లా కక్కుతుంది, రెండో రోజుకి నీళ్ళు కూడా నిలవవు, కడుపు కోసి తీయడం తప్ప వేరే దారి ఉండకపోవచ్చు. మొక్కజొన్న కండె కూడా అంతే. ఉడికిన ఎముక ఇంకో రకం. పచ్చి ఎముక కన్నా ఉడికిన ఎముక పెళుసు, కొరికితే సూదుల్లాంటి చీలికలవుతుంది. ఆదివారం కోడికూర తిన్నాక 'పాపం, నోరులేని జీవి' అని ఎముకలన్నీ దాని ముందు కుమ్మరించే చేతుల్లో దయ తప్ప ఇంకేం లేదని నాకు తెలుసు. దయ చాలదా మరి? చాలదనే అనుకుంటున్నాను. ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలని పాడుచేస్తుందని చదివిన రోజు నాకు గుడిలో పంచే లడ్డూలు గుర్తొచ్చాయి. మనకి ప్రసాదమైంది దానికి విషమయ్యే అవకాశం ఉందని ఎవరు ఊహిస్తారు?

ఆట వస్తువుల సంగతీ ఇట్లాంటిదే. పిల్లల బంతి కుక్క దవడ పళ్ళ వెనక్కి జారేంత చిన్నదైతే అది గొంతుకి బిరడా అవుతుంది. బంతి ఎప్పుడూ దాని నోటికన్నా పెద్దదిగా ఉండాలి. పిండితే కీచుమనే రబ్బరు బొమ్మలో ఆ కీచుమనే ముక్క కోసం కుక్క మొత్తం బొమ్మని చీలుస్తుంది, చీల్చి మింగుతుంది. పిల్లల బొమ్మల్లో ఉండే గుండీ బ్యాటరీ పిల్లకీ ప్రమాదమే, కుక్కకీ ప్రమాదమే. నాలుగు నెలల నుంచి ఆరేడు నెలల దాకా కుక్కపిల్లకి పళ్ళు మారే వయసు. చిగుళ్ళు సలుపుతుంటే చెప్పులు, మంచం కోళ్ళు, పలక అంచులు ఏది దొరికితే అది కొరుకుతుంది. అప్పుడు నోట్లోంచి లాక్కున్న ప్రతిసారీ అది నేర్చుకునేది ఒక్కటే: మనిషి చెయ్యి దగ్గరికి వచ్చిందంటే తన వస్తువు పోతుంది. చెప్పు తీసుకుని దాని బదులు నమలడానికి వేరేదేదైనా ఇచ్చిన ఇంట్లో అది వేరే పాఠం నేర్చుకుంటుంది. ఇంత చిన్న తేడా అయిదేళ్ళ తర్వాత ఒక బిడ్డ చెంప మీద తేలుతుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ తేలుతుంది. చిన్నపిల్లలకి తగిలే కాట్లు ఎక్కువగా ముఖం మీద, తల మీద, మెడ మీద ఉండటానికి కారణం వాళ్ళ మొహం కుక్క మొహం ఎత్తులో ఉండటమే. వాళ్ళు వంగి ముద్దుపెట్టుకుంటారు, మెడ చుట్టూ చేతులు వేస్తారు. మనకి అది ప్రేమగా కనిపిస్తుంది. చాలా కుక్కలకి మాత్రం అది కదలకుండా పట్టేసినట్టే ఉంటుంది.

"మొరిగే కుక్క కరవదు" అంటారు మనవాళ్ళు. ఈ సామెత మనుషుల గురించి పుట్టిందేమో గాని కుక్కల విషయంలో దీన్ని నమ్ముకోకూడదని నా గట్టి అభిప్రాయం. మొరిగిన కుక్క కరిచిన సందర్భాలు ఎన్నో. అయితే ఈ సామెత వెనక ఇంకో నిజం ఉందేమోనని కూడా అప్పుడప్పుడు అనిపిస్తుంది. గొంతు విప్పి చెప్పే అవకాశం ఉన్న కుక్కకి పళ్ళతో చెప్పాల్సిన అవసరం తగ్గుతుంది. గుర్రుమనడం కన్నా ముందు అది ఎన్ని రకాలుగా చెబుతుందో చూడండి. మొహం పక్కకి తిప్పుకుంటుంది. నిద్ర లేకపోయినా ఆవులిస్తుంది. ముందు తిండేమీ లేకపోయినా నాలుకతో ముక్కు తుడుచుకుంటుంది. తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి చూస్తే తెల్లగుడ్డు అంచు కనిపిస్తుంది. చెవులు తలకి అంటుకుంటాయి. తోక ఊగుతున్నా దాని మొదలు బిగిసే ఉంటుంది. ఇన్ని చెప్పి, ఎవరూ వినకపోతే, చివరికి గొంతులోంచి గుర్రుమంటుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? "రేయ్! పాప మీదనే గుర్రుమంటావా?" అని చెప్పు విసురుతాం. ఆ చెప్పు దెబ్బతో అది నేర్చుకునేది పాపని ప్రేమించడం కాదు, గుర్రుమనకూడదని. మళ్ళీ అదే పరిస్థితి వచ్చినప్పుడు మధ్యలో ఉన్న మెట్టు ఉండదు. "ఏ సూచనా లేకుండా కరిచిందండీ" అని మనం అందరికీ చెబుతాం. సూచన లేకుండా చేసింది మనమేనని ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలి!

ఇది ఆలోచిస్తున్నప్పుడు నాకు మహాభారతం గుర్తొస్తుంది. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ తెలుగు భారతం మొదలుపెట్టినప్పుడు, కథలో తొలినాళ్ళలోనే ఒక కుక్కపిల్ల వస్తుంది. జనమేజయుడు కురుక్షేత్రంలో దీర్ఘంగా యాగం చేస్తున్నాడు. సరమ అనే దేవశునకం కొడుకు సారమేయుడు ఆడుకోవడానికి ఆ యాగశాల వైపు వచ్చాడు. రాజు తమ్ముళ్ళు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు దాన్ని కొట్టారు. ఏడుస్తూ పోయి తల్లికి చెప్పుకుంది. తల్లి రాజు దగ్గరికి వచ్చి నిలదీసింది, తన బిడ్డ ఏ అపకారమూ చేయలేదని చెప్పింది, నిరపరాధుల్ని బాధపెట్టినవాళ్ళకి ఊహించని వైపు నుంచి భయం వస్తుందని చెప్పి వెళ్ళిపోయింది. లక్ష శ్లోకాల యుద్ధకథకి వాకిట్లో ఈ చిన్న గొడవ ఎందుకు పెట్టారా అని చదువుకునే రోజుల్లో అనుకునేదాన్ని. ఇప్పుడు చదివితే అంతా ఒక ఇంటి పెరట్లో జరిగినట్టే ఉంటుంది. పెద్దాయన పెద్ద పనిలో ఉన్నాడు. పిల్ల జంతువు ఆటకి వచ్చింది. బలం ఉన్న కుర్రవాళ్ళు చేతికి పని చెప్పారు. ఎవరూ ఎవర్నీ కనిపెట్టుకుని లేరు. తమ్ముళ్ళు చేసినదానికి ఆ తల్లి వచ్చి అడిగింది రాజునే. ఇంటి పెద్దని అడగడంలో ఆమెకి ఏ సందేహమూ లేదు.

పంచతంత్రంలో ముంగిస కథ అందరికీ తెలిసిందే. ఉయ్యాలలో బిడ్డ, పాముని చంపిన ముంగిస, మూతికి నెత్తురు చూసి బిడ్డనే చంపిందనుకుని ముంగిసని చంపేసిన మనిషి. తొందరపాటు గురించి చెప్పడానికి తరతరాలుగా చెబుతున్నాం. నాకు మాత్రం ఆ కథ వేరే చోట గుచ్చుకుంటుంది. పసిబిడ్డని ముంగిసకి అప్పగించి పెద్దవాళ్ళు ఇద్దరూ బయటికి ఎందుకు పోయారు? ఆరోజు పాము రాకపోయి ఉంటే? ముంగిస మంచిదే. మంచిదన్న నమ్మకంతోనే దాని మీద మోయలేని భారం పెట్టారు. ముందు అతిగా నమ్మారు, తర్వాత ఒక్క క్షణంలో అతిగా అనుమానించారు. రెండింటికీ కారణం ఒకటే, జరిగినదాన్ని వాళ్ళు చూడలేదు. అక్కడ ఒక మనిషి కూర్చుని ఉంటే బిడ్డా బతికేది, ముంగిసా బతికేది, పాము కూడా బహుశా దారి మార్చుకునేది.

ఇట్లా అంటూ ఉంటే నాలో ఒక సందేహం లేస్తుంది. పాత కాలంలో అరుగు మీద అవ్వలు ఉండేవాళ్ళు, వాకిలంతా కళ్ళే ఉండేవి, పిల్లలూ కుక్కలూ కోళ్ళూ కలిసి పెరిగినా ఏమీ కాలేదని చెప్పుకోవడం నాకూ ఇష్టమే. అది నిజమేనా? మా చిన్నప్పుడు బడిలో కుక్క కాటు మచ్చ లేని వరస ఉండేది కాదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అనే మాట వింటేనే పిల్లలు వణికేవాళ్ళు. గొర్రె మెదడు కణజాలం నుంచి తయారుచేసే ఆ పాత మందు 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన పద్ధతిది. 2005 నాటికి గాని మన దేశంలో దాని వాడకం ఆగలేదు. ఆ సూదుల భయంతో, ఇంట్లో తిడతారన్న భయంతో కాటుని నిక్కరు కింద, పావడా కింద దాచుకున్న పిల్లలు ఎందరో. గాయానికి సున్నం పెట్టడం, కారం అద్దడం, నాటుమందు కట్టించడం మా వైపు మామూలు. కాబట్టి పాత వాకిలిని నేను స్వర్గం చేయలేను. ఇప్పుడు నయం. గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి పోవాలి, చర్మం లోపలికి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆపైన 3, 7, 28 రోజులకి సూదులు చేతికే వేస్తారు. చర్మం తెగి నెత్తురు కనబడితే ఆ గాయంలోకే ఇంకో మందు కూడా ఎక్కించాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి దాదాపు మందు లేనట్టే. మనుషులకి వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల వల్లనేనని, చనిపోయేవాళ్ళలో 40 శాతం పదిహేనేళ్ళ లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గీరుకుపోయినా సరే ఇంట్లో చెప్పాలని, చెబితే తిట్టరని పిల్లలకి ముందే తెలిసి ఉండాలి. మా ఇంట్లో ఈ మాట మామిడిపళ్ళ గంప దగ్గర ప్రతి ఏడూ చెబుతాను.

ఇంకో సందేహం దీనికన్నా బరువైనది. కనిపెట్టుకుని ఉండండి అని చెప్పడం సులువే, ఉండటానికి ఇంట్లో ఒక మనిషి మిగలాలి గదా? 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుణ్ణి వీధికుక్కలు చంపేశాయి. తండ్రి కాపలా ఉద్యోగం చేసే చోటికి వెంట వచ్చిన బిడ్డ. ఆ కెమెరా దృశ్యాన్ని రాష్ట్రమంతా చూసింది. ఆ తండ్రిని ఎవరు తప్పుపట్టగలరు? బేతంచర్ల బండల పాలిష్ షెడ్ల దగ్గర, మా చుట్టుపక్కల గనుల దగ్గర, చెట్టుకి కట్టిన చీర ఉయ్యాల కింద కుక్క పడుకుని ఉంటుంది. తల్లి యాభై గజాల అవతల బరువు మోస్తూ ఉంటుంది. ఆమెకి చూపు లేక కాదు, తిరిగి చూడటానికి తీరిక లేక. వీధికుక్కల వ్యవహారం 2025లో సుప్రీంకోర్టు దాకా పోయింది. పట్టి షెల్టర్లలో పెట్టాలా, ఆపరేషన్ చేసి టీకా వేసి ఉన్న చోటే వదలాలా అని ఊళ్ళు రెండుగా చీలి వాదించుకున్నాయి. 2023 నాటి నిబంధనలు రెండో దారినే చెబుతున్నాయి, నా మొగ్గూ అటే, అది సరిగ్గా అమలైతే. కానీ ఆ చీర ఉయ్యాల దగ్గర ఒక ముసలమ్మకి కూలి ఇచ్చి కూర్చోబెట్టే ఆలోచన ఏ పక్షం నుంచీ నాకు గట్టిగా వినిపించలేదు. పిల్లల్ని చూసుకోవడాన్ని పనిగా లెక్కవేయని చోట కుక్కల నుంచి పిల్లల్ని కాపాడటం ఎట్లా కుదురుతుంది?

తీరిక ఉన్న మా వంటి ఇళ్ళకి ఆ సాకు కూడా లేదు. ఉన్న మనిషి ఫోన్‌లో తల పెట్టి గదిలో ఉన్నా అక్కడ లేనట్టే. నిజాయితీగా చెప్పాలంటే ఏ మనిషీ రోజంతా కళ్ళప్పగించి ఉండలేడు కూడా. పాలు పొంగుతాయి, తలుపు కొడతారు, కునుకు పడుతుంది. అందుకని చూడలేని వేళల్లో పిల్లనీ కుక్కనీ విడిగా ఉంచడమే దారి అని నాకు అర్థమైంది. నల్లమల అంచున గొర్రెల్ని మేపుకునేవాళ్ళు మా పొలాల్లో మంద పెట్టినప్పుడు ఇది చూశాను. రాత్రి సంగటి ముద్దలు కుక్కలకి వేసేటప్పుడు ఒక్కో కుక్కకి ఒక్కో బండ మీద, ఒకదానికొకటి దూరంగా వేస్తారు. తిన్నంతసేపూ కర్ర పట్టుకుని ఒకాయన మధ్యలో నిలబడతాడు. కొట్టడానికి కాదు, ఆ కర్ర ఎత్తగా నేను చూడలేదు. "అయి తినేదాంక అట్ల నిలబడాలమ్మా, అంతే" అన్నాడు. ఈనిన గొర్రె ఉన్న రోజున కుక్కల్ని ఇంకా దూరం కడతాడు. రోజూ కలిసి తిరిగే జీవాలే, పుట్టినప్పటి నుంచి ఒకదాని వాసన ఒకదానికి తెలిసినవే, అయినా ఆయన వాటి స్నేహం మీద పందెం కాయడు.

ఇంట్లో కుక్కా పిల్లీ ఉన్నవాళ్ళు, కొత్త కుక్కపిల్లని తెచ్చిన ఇంట్లో ముసలి కుక్క ఉన్నవాళ్ళు, పెరట్లో కోళ్ళున్నవాళ్ళు కూడా చూడలేని వేళ విడిగా ఉంచాలనే ఈ మాట మనసులో పెట్టుకుంటే చాలు. పిల్లికి కుక్క ఎక్కలేని ఒక ఎత్తు ఉండాలి. ముసలి కుక్కకి కుక్కపిల్ల రాని ఒక మూల ఉండాలి. కోడిపిల్లలు రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తితే ఎంత సాధువైన కుక్కకైనా కాళ్ళు ఆగవు, తరమడం దాని నెత్తుట్లో ఉంది. గొలుసుతో కట్టేస్తే సరిపోతుందనుకుంటారు కొందరు. కట్టేసిన కుక్కకి తప్పించుకుపోయే దారి ఉండదు. దారి లేని జంతువుకి పళ్ళే దారి. పిల్లలు కట్టేసిన కుక్క దగ్గరికే ఎక్కువ ధైర్యంగా పోతారు, అది ఇంకా భయం.

ఈ జాగ్రత్త ఎంత పాతదో అనుకున్నప్పుడు నాకు మా బనగానపల్లె పక్కన జుర్రేరు లోయలో ఉన్న జ్వాలాపురం గుర్తొస్తుంది. దాదాపు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద అక్కడ పొరగా దొరికింది. ఆ పొర కిందా పైనా మనుషులు చేసుకున్న రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. అప్పటికి లోకంలో ఎక్కడా ఇంటి కుక్క అనేది లేదు. తోడేళ్ళ నుంచి కుక్కలు విడిపోయి మనిషి పంచన చేరి పదిహేను వేల ఏళ్ళు పైబడి ఉండవచ్చు గాని, ఈ లోయ మనిషితో పోలిస్తే అది నిన్నటి సంగతి. ఇక్కడి తల్లులు వేల తరాల పాటు కుక్క లేకుండానే పిల్లల్ని పెంచారు. తర్వాత ఎప్పుడో ఒక జంతువు మంట వెలుగు అంచు దాకా వచ్చి ఆగింది. ఎంత దగ్గరికి రానివ్వాలి, ఎముక ఎంత దూరం విసరాలి, పిల్లని ఏ పక్క పడుకోబెట్టాలి అని ఎవరో ఒకామె ఆ రాత్రి నిశ్చయించుకునే ఉంటుంది. మన రెండు జాతుల స్నేహం అట్లాంటి జాగ్రత్తతోనే మొదలైందని అనుకోవడం నాకు బాగుంటుంది. జాగ్రత్త పడితే ప్రేమ తగ్గుతుందని మావాళ్ళు కొందరు అంటారు. నాకట్లా అనిపించదు. యాగంటి మెట్ల దగ్గర ఊరకుక్కల మధ్య ఒకటి తిరుగుతుండేది, వేలాడే చెవులది, సీమజాతిది. మెడ చుట్టూ పట్టీ ఒరుసుకుపోయిన చారిక, అక్కడ వెంట్రుకలు మొలవలేదు. ఎవరో కారులో తెచ్చి కొండ దగ్గర వదిలిపెట్టి పోయారని టెంకాయల అంగడామె చెప్పింది. ఎందుకో ఆమెకీ తెలియదు. ఎవరి చెంప మీదో గాటు పడి ఉంటుందని నాకు అనిపించింది. ఆ గాటుకి ముందు అది ఎన్నిసార్లు మొహం తిప్పుకుని ఉంటుంది, ఎన్నిసార్లు ఆవులించి ఉంటుంది! ఒక్కసారైనా ఎవరైనా లేచి పిల్లని ఎత్తుకుని ఉంటే అది ఇప్పుడు ఏదో ఒక ఇంట్లో ఫ్యాను కింద పడుకుని ఉండేది.

ఈ వేసవికి మా అమ్మాయి పాకే బిడ్డతో వస్తోంది. ఫోన్‌లో అడిగింది, "అమ్మా, బిడ్డ ఉన్న రెండు నెలలు కుక్కని ఎవరికన్నా ఇచ్చేయకూడదా? నాకు భయంగా ఉంటాది." భయపడటం తప్పు కాదని చెప్పాను. ఇవ్వను అని కూడా చెప్పాను. ఎనిమిదేళ్ళుగా ఈ ఇంటి నేల మీద పడుకునేదాన్ని కొత్త చోటికి పంపితే, తిరిగి వచ్చేసరికి అది ఇంకా బెదిరి ఉంటుంది. బదులుగా వడ్లాయన్ని పిలిపించి హాలుకీ నడవకీ మధ్య నడుము ఎత్తు తలుపు ఒకటి కొట్టమన్నాను. అవతలి వాళ్ళు ఇవతలి వాళ్ళకి కనబడాలి, వాసన తెలియాలి, అందకూడదు. కుక్క నడవలో ఉంటుంది, దాని గిన్నె, దాని నమిలే బొమ్మలు అక్కడే. నేనో అమ్మాయో చేతిలో ఏ పనీ లేకుండా నేల మీద కూర్చున్నప్పుడు మాత్రమే తలుపు తీస్తాం, అది కూడా దాని గిన్నె ఖాళీ అయ్యాక, బొమ్మలు ఎత్తిపెట్టాక. వడ్లాయన టేపు పెట్టి కొలిచి, చెక్కకీ చెక్కకీ మధ్య ఎంత సందు పెట్టాలని అడిగాడు. బిడ్డ చెయ్యి మోచేతి దాకా దూరకూడదు, కుక్క ముట్టె పట్టకూడదు అన్నాను. "రెండు వేళ్ళు చాలు" అని తన చూపుడు వేలూ మధ్యవేలూ కలిపి చూపించాడు. గొళ్ళెం హాలు వైపే పెట్టమన్నాను, మామిడిపళ్ళు రాకముందే బిగించాలని చెప్పి బయానా ఇచ్చాను.